మద్రాసు తెలుగువారికి పడిన లాటిన్ పేరు

మా అన్నయ్య కూతురు చెన్నైలో లా చదువుతోంది. హిందూ న్యాయశాస్త్ర చరిత్ర చదువుతూ ఒక పుస్తకం పేరు దగ్గర ఆగిపోయి నాకు ఫోన్ చేసింది. "బాబాయ్, జెంటూ లాస్ అంటే మన తెలుగువాళ్ళ చట్టాలేనా? పాత మద్రాసులో జెంటూ అంటే తెలుగువాళ్ళేనని నువ్వే కదా చెప్పావు?"

నేను చెప్పింది నిజమే. అయినా ఆ పుస్తకానికి తెలుగువాళ్ళతో సంబంధం లేదు. కంపెనీ కాలపు మద్రాసులో ఇంగ్లీషువాళ్ళు తెలుగువారిని జెంటూలు అని రాసేవారు, తెలుగు భాషను కూడా జెంటూ అనే అనేవారు. తమిళానికి వాళ్ళు వాడిన పేరు మలబార్. అదే కాలంలో కలకత్తాలో జెంటూ అంటే హిందువు, ఏ భాష మాట్లాడినా సరే. ఒకే మాట రెండు ఊళ్ళలో రెండు అర్థాలతో ఎలా నడిచిందో తేల్చుకోవాలంటే రోము దాకా వెళ్ళి రావాలి. దారిలో జెంటిల్, జెంటిల్‌మన్, జెంటైల్ అనే ఇంగ్లీషు మాటలు కూడా తగులుతాయి. అవన్నీ జెంటూకు దాయాదులే.

లాటిన్‌లో 'గెన్స్' అని ఒక మాట ఉంది. ఒకే మూలపురుషుడి సంతతిగా తమను తాము చెప్పుకునే కుటుంబాల గుంపు అది. కనడం అనే అర్థమున్న 'గెన్' అన్న ధాతువు నుంచి పుట్టింది. మనం జూలియస్ సీజర్ అనే మనిషి పూర్తి పేరు గాయుస్ యూలియుస్ కాయ్‌సర్. ఇందులో గాయుస్ సొంత పేరు, యూలియుస్ గెన్స్ పేరు, చివరిది ఆ గెన్స్‌లో ఒక శాఖ పేరు. మన ఇంటిపేరులా గెన్స్ పేరు తండ్రి నుంచి బిడ్డలకు వచ్చేది. ఆడపిల్లలకైతే చాలాసార్లు ఆ గెన్స్ పేరే పేరు. యూలియుస్ ఇంట పుట్టిన పిల్ల యూలియా, కొర్నేలియుస్ ఇంట పుట్టిన పిల్ల కొర్నేలియా. ఇద్దరు కూతుళ్ళుంటే ఇద్దరిదీ ఒకే పేరు, పెద్దదనీ చిన్నదనీ చెప్పి వేరు చేయాల్సిందే.

ఒకే గెన్స్‌కు చెందినవాడు 'గెంటీలిస్'. ఇది ఉత్త పలకరింపు మాట కాదు, చట్టంలో ఉన్న హోదా. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం నాటి రోమన్ పన్నెండు పట్టికల చట్టం ప్రకారం, వారసులు గానీ తండ్రి వైపు దగ్గరి బంధువులు గానీ లేకుండా ఒకడు చనిపోతే ఆస్తి అతని గెన్స్ వారికి పోతుంది. అందుకే ఎవరు గెంటీలిస్, ఎవరు కాదు అన్నది గట్టిగా తేల్చాల్సి వచ్చింది. క్రీస్తుపూర్వం 44లో రోమన్ వక్త సిసెరో తన 'టోపికా' అనే పుస్తకంలో ఈ నిర్వచనాన్ని ఉదాహరణగా తీసుకుని నాలుగు షరతులు చెప్పాడు. ఒకే గెన్స్ పేరు ఉండాలి. స్వతంత్రులైన తల్లిదండ్రులకు పుట్టి ఉండాలి. పూర్వీకుల్లో ఒక్కరూ బానిసత్వం చేసి ఉండకూడదు. తన పౌరహోదా పోగొట్టుకుని ఉండకూడదు. ఈ మూడో షరతు దగ్గర కాస్త ఆగాలి. విడుదలైన బానిస తన యజమాని గెన్స్ పేరునే పెట్టుకునేవాడు. పేరు కలిసినా అతను గెంటీలిస్ కాలేడు. అంటే గెంటీలిస్ అనిపించుకోవడంలోనే "మాది మచ్చలేని వంశం" అన్న గర్వం ఉంది. జెంటిల్‌మన్ పుట్టింది ఈ గర్వంలోంచే.

ఇంతవరకూ మాట ఏకవచనంలో ఉంది. బహువచనంలో దాని నడక వేరు. 'గెంటెస్' అంటే వంశాలు అన్న అర్థంతో పాటు జాతులు, దేశాలు, ముఖ్యంగా రోము బయటి ప్రజలు అన్న అర్థం కూడా వచ్చింది. రోమన్ న్యాయంలో 'యూస్ గెంటియుమ్' అనే విభాగం ఉంది. రోమన్ పౌరులకే పరిమితం కాకుండా అన్ని జాతులకూ వర్తించే చట్టం అని దాని అర్థం. అంతర్జాతీయ చట్టం చదివే విద్యార్థులకు ఈ మాట ఈనాటికీ తగులుతుంది. రోమన్ సామ్రాజ్యపు చివరి రోజుల్లో సైన్యంలో చేరిన విదేశీ దళాలను కూడా గెంటీలెస్ అన్నారు. ఏకవచనంలో మనవాడు, బహువచనంలో బయటివాళ్ళు. తర్వాతి పదిహేను వందల ఏళ్ళ కథంతా ఈ చీలిక నుంచే నడిచింది.

బయటివాళ్ళు అన్న అర్థానికి మతపు రంగు పూసింది బైబిల్ అనువాదం. హీబ్రూలో 'గోయిమ్' అంటే జాతులు. యూదులు కాని జనాలను చెప్పడానికి ఆ మాట వాడారు. గ్రీకులో దాన్ని 'ఎత్నే' అన్నారు. ఇప్పుడు మనం ఎథ్నిక్ వేర్ అనే బట్టల పేరులో ఉన్నది ఆ మాటే. లాటిన్‌లో దానికి గెంటెస్, గెంటీలెస్ కుదిరాయి. 382 ప్రాంతంలో పోప్ డమాసస్ కోరిక మీద జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు మొదలుపెట్టిన లాటిన్ బైబిల్ పని ఈ వాడకాన్ని యూరప్ అంతటా స్థిరపరచింది. క్రైస్తవం వ్యాపించేకొద్దీ యూదుడు కానివాడు అన్న అర్థం పక్కనే క్రైస్తవుడు కానివాడు, విగ్రహారాధకుడు అన్న అర్థం కూడా చేరింది.

ఇక్కడి నుంచి ఇంగ్లీషు ఈ ఒక్క కుటుంబాన్ని ఎన్నిసార్లు తన ఇంటికి తెచ్చుకుందో చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మొదటిసారి 13వ శతాబ్దంలో, ఫ్రెంచి మీదుగా. పాత ఫ్రెంచిలో 'జెంతిల్' అంటే మంచి ఇంట పుట్టినవాడు. నార్మన్ దొరల ఇంగ్లండ్‌లో అదే జెంటిల్ అయింది. అప్పటి జెంటిల్‌కు మెత్తదనంతో పనిలేదు, పుట్టుకతోనే పని. జెంటిల్‌మన్ అంటే పెద్దింటి మనిషి. 1381 రైతుల తిరుగుబాటులో జాన్ బాల్ అనే మతబోధకుడు లేవనెత్తిన ప్రశ్న ఈ అర్థం తెలిస్తేనే బోధపడుతుంది. ఆదాము నేల తవ్వుతూ, హవ్వ నూలు వడుకుతూ ఉన్న రోజున జెంటిల్‌మన్ ఎవడు? అందరూ పనిచేసుకు బతికిన చోట పెద్దిల్లు ఎక్కడిది అని అతని వాదన.

ఆ తర్వాత అర్థం పుట్టుక నుంచి నడవడిక వైపు జరిగింది. పెద్దింటివాడు మర్యాదగా ఉండాలి కాబట్టి మర్యాద గలవాడు జెంటిల్ అయ్యాడు. మర్యాద గలవాడు కటువుగా ఉండడు కాబట్టి మృదువుగా ఉండేవాడు జెంటిల్ అయ్యాడు. 16వ శతాబ్దం వచ్చేసరికి గాలి, చేతి స్పర్శ, కొండవాలు కూడా జెంటిల్ అనిపించుకునే దారిలో పడ్డాయి. కులం కన్న గుణం ప్రధానం అని మనవాళ్ళు సామెతగా చెప్పుకున్నది అక్కడ ఒక్క మాట అర్థంలోనే జరిగిపోయింది. ఇదేదో ఫ్రెంచి మాటకు మాత్రమే పట్టిన యోగం కాదు. ఇంగ్లీషు సొంత మాట 'కైండ్' కూడా కిన్, అంటే బంధువర్గం, అన్న మాటకు చుట్టమే. సహజమైన, పుట్టుకతో వచ్చిన అన్న అర్థం నుంచి దయగల అన్న అర్థానికి అదీ ఇలాగే చేరింది.

తర్వాతి రాకల గురించి రెండు ముక్కలు చాలు. 14వ శతాబ్దం చివర్లో జెంటైల్, బైబిల్ అర్థంతో, లాటిన్ రూపాన్ని దాదాపు అలాగే ఉంచుకుని వచ్చింది. 16వ శతాబ్దం చివర్లో అదే ఫ్రెంచి మాటను ఇంగ్లీషు మళ్ళీ అరువు తెచ్చుకుని జెంటీల్ అంది, నాగరికంగా కనిపించేవాడు అని. ఆపై 17వ శతాబ్దంలో ఇంకోసారి. అప్పటికి ఫ్రెంచివాళ్ళు చివరి లకారం పలకడం మానేశారు కాబట్టి ఈసారి ఇంగ్లీషువాళ్ళ చెవికి అది జాంటీ అని వినిపించింది. హుషారైన, ఠీవిగా ఉన్న అన్న అర్థంలో ఇప్పటికీ వాడతారు. జెంటిల్, జెంటీల్, జాంటీ మూడూ ఒకే మాట మూడు తరాల ఉచ్చారణల్లో మిగలడమే.

ఇక చివరి రాక, మనకు సంబంధించినది. దీనికి దారి ఫ్రాన్సు కాదు, పోర్చుగల్.

వాస్కో ద గామా 1498లో కాలికట్ చేరేనాటికి పోర్చుగీసువాళ్ళ దగ్గర మనుషులను విడదీసే పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. ముస్లింలను 'మౌరు' అనేవారు. ఉత్తర ఆఫ్రికా వాసికి లాటిన్‌లో ఉన్న పేరు మౌరుస్, ఇంగ్లీషులో మూర్ అయింది కూడా అదే. క్రైస్తవులూ యూదులూ ముస్లింలూ కానివాళ్ళను 'జెంతీయు' అన్నారు. గెన్స్ కుటుంబపు మాటే అది. జెరోమ్ బైబిల్లోని అన్యమతస్థుడు అన్న అర్థాన్ని మోసుకొచ్చింది. అలా హిందువులు జెంతీయులయ్యారు. ఇందులో భాష ప్రసక్తి గానీ ప్రాంతం ప్రసక్తి గానీ లేదు.

1520ల్లో పోర్చుగీసువాళ్ళు మైలాపూరు దగ్గర శాంథోమ్‌లో స్థిరపడ్డారు. 1639లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల నాయకుల అనుమతితో ఇంగ్లీషు కంపెనీ కాస్త ఉత్తరంగా మద్రాసు కోట పని మొదలుపెట్టేనాటికి ఈ తీరంలో తెల్లవాళ్ళూ స్థానికులూ మాట్లాడుకునే భాష ఒకరకం పోర్చుగీసు. ఎంత అవసరమంటే, కంపెనీ కోటల్లో ఉండే మతగురువులు వచ్చిన ఏడాదిలోపు పోర్చుగీసు నేర్చుకోవాలని కంపెనీకి ఇచ్చిన 1698 నాటి చార్టర్‌లోనే, అంటే అధికార పత్రంలోనే, రాశారు. ఆ రోజుల పోర్చుగీసు మన నోళ్ళలో కూడా మిగిలింది. చెన్నైలో ఏ కట్టడం దగ్గరైనా వినిపించే మేస్త్రీ వాళ్ళ మెస్త్రె, దాని మూలం లాటిన్ మగిస్తెర్. పిల్లలను చూసుకునే ఆయా, చర్చిలో పాదిరీ కూడా అలాగే వచ్చారు. పాదిరీకి మూలం లాటిన్ పాతెర్, తండ్రి. ఇంగ్లీషువాళ్ళు జెంతీయును కూడా ఈ పోర్చుగీసు నుంచే అందుకుని జెంటూ, జెంటు, జెంట్యూ అని చేతికి వచ్చినట్టు రాశారు.

మరి హిందువు అన్న అర్థం మద్రాసులో తెలుగువాడు అని ఎందుకు మారింది? 1886లో వచ్చిన ఆంగ్లో ఇండియన్ పదకోశం 'హాబ్సన్ జాబ్సన్'లో యూల్, బర్నెల్ ఒక కారణం ఊహించారు. బర్నెల్ మద్రాసు సర్వీసులో పనిచేసిన మనిషి. పోర్చుగీసువాళ్ళు వచ్చేనాటికి దక్షిణంలో చాలా భాగం విజయనగరం చేతిలో ఉంది, ఆ ఏలికలు తెలుగువారిగా కనిపించారు, అందుకే సాధారణమైన పేరు వాళ్ళకు ప్రత్యేకంగా అతుక్కుపోయి ఉంటుంది అని వాళ్ళ అభిప్రాయం. నాకు ఇది చాలావరకు సరైనదే అనిపిస్తుంది. దీనికి తోడు మద్రాసు లోపలి పరిస్థితి కూడా చూడాలి. కోటకు స్థలమిచ్చిన దామెర్ల వారు తెలుగువారు. మధుర, తంజావూరు, సెంజి నాయకులు తెలుగువారు. మొదటి రోజుల్లో కంపెనీకి సరుకు సమకూర్చిన బేరి తిమ్మప్ప, ఆ తర్వాత కాశీ వీరన్న తెలుగు వర్తకులు. కంపెనీ గుమాస్తా రోజూ బేరమాడే 'జెంటూ' తెలుగు మాట్లాడుతుంటే, అతను మాట్లాడే భాషకు జెంటూ అని పేరు పడటంలో వింత లేదు. 1673లో ఈ తీరం చూసిన జాన్ ఫ్రయర్ అనే డాక్టరు, ఇక్కడివారి భాషను అందరూ జెంటూ అంటారు గానీ దాని అసలు పేరు తెలింగ అని రాసిపెట్టాడు. అంటే ఈ పేరు బయటివాళ్ళు పెట్టిందన్న సంగతి అప్పటికే గమనించినవాళ్ళు ఉన్నారు.

బెంగాల్‌లో ఈ మార్పు జరగడానికి కారణమే లేదు. అక్కడ జెంటూ పాత అర్థంలోనే ఉండిపోయింది. వారన్ హేస్టింగ్స్ ఆదేశం మీద పదకొండుమంది పండితులు సంస్కృతంలో కూర్చిన ధర్మశాస్త్ర సంగ్రహాన్ని పార్సీలోకి, పార్సీ నుంచి ఇంగ్లీషులోకి మార్చి, కంపెనీ ఉద్యోగి నథానియెల్ హాల్‌హెడ్ 1776లో లండన్‌లో 'జెంటూ లాస్' పేరుతో అచ్చు వేయించాడు. మా అమ్మాయి అడిగిన పుస్తకం ఇదే. ఇది హిందువుల చట్టాల పుస్తకం. పాత కాగితాల్లో ఈ మాట కనబడినప్పుడు ముందు అది ఏ ఊళ్ళో రాసిందో చూసుకోవాలని అందుకే అంటాను.

ఈ హాల్‌హెడ్ తన ముందుమాటలో జెంటూ వ్యుత్పత్తి కూడా చెప్పాడు. అది సంస్కృతంలోని 'జంతు' నుంచి వచ్చిందట. జంతు అంటే ప్రాణి, మనిషి అని కూడా. పోర్చుగీసువాళ్ళు జనం నోట ఆ మాట తరచుగా విని అదే వీళ్ళ పేరనుకుని ఉంటారని ఆయన ఊహ. ఇది నిలవదు. జెంతీయు అన్న మాట పోర్చుగీసువాళ్ళు ఓడ ఎక్కకముందే వాళ్ళ భాషలో ఉంది, అన్యమతస్థుడు అన్న అర్థంతోనే ఉంది. శబ్దం కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కుదరదు. మాట ఏ కాలంలో, ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి చేరిందో ఒక్కొక్క మజిలీ చూపించాలి.

అయితే హాల్‌హెడ్‌కు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. జెంటూ జంతువు నుంచి రాలేదు గానీ, ఇంకా వెనక్కి, చాలా వెనక్కి వెళితే జంతు, గెన్స్ రెండూ ఒక ధాతువు దగ్గర కలుస్తాయి. హాల్‌హెడ్ పుస్తకం వచ్చిన పదేళ్ళకు, 1786లో, ఆయన స్నేహితుడు విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని కలకత్తాలో ప్రకటించాడు. తర్వాతి శతాబ్దంలో పండితులు ఈ పోలికలకు నియమాలు కట్టారు. మన మాటకు కావలసిన నియమం ఒక్కటే. ఆ మూలభాషలోని ఒకరకం గకారం లాటిన్‌లో గకారంగానే నిలిచింది, సంస్కృతంలో జకారం అయింది, ఇంగ్లీషు ఉన్న జెర్మానిక్ శాఖలో కకారం అయింది. మోకాలిని లాటిన్‌లో గెనూ అంటారు, సంస్కృతంలో జాను. మనం ఆజానుబాహుడు అనేటప్పుడు చెప్పేది ఈ జానువునే. ఇంగ్లీషులో 'నీ' అంటారు, రాసేటప్పుడు ముందు కే అక్షరం ఉంటుంది, ఒకప్పుడు దాన్ని పలికేవారు కూడా. తెలుసుకోవడానికి లాటిన్‌లో గ్నో, సంస్కృతంలో జ్ఞా, ఇంగ్లీషులో కే అక్షరంతో మొదలయ్యే 'నో'. అదే వరుసలో లాటిన్ గెన్, సంస్కృతం జన్, ఇంగ్లీషు కిన్. జనం, జాతి, జన్మ, జననం, జంతువు అన్నీ ఆ జన్ సంతానమే.

ఇక్కడ తెలుగువాళ్ళం ఒక జాగ్రత్త తీసుకోవాలి. మనకు 'కను' అన్న క్రియ ఉంది. బిడ్డను కనడం, కాన్పు. గెన్‌కూ కిన్‌కూ ఎంత దగ్గరగా ఉందో చూడండి, అర్థం కూడా సరిగ్గా అదే! అయినా చుట్టరికం లేదు. కను ద్రావిడ ధాతువు. జనం, జన్మ మనకు సంస్కృతం నుంచి వచ్చిన అరువు మాటలు. హాల్‌హెడ్ పొరపాటు ఎలాంటిదో ఈ కను, కిన్ జంటను చూస్తే బాగా అర్థమవుతుంది. ఎక్కడో ఒక జంట కలవడం కాకతాళీయం. జాను, జ్ఞా, జన్ అని వరుసగా ఒకే తీరులో కలవడం బంధుత్వం.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని ఇంగ్లీషులో మొదటిసారి గట్టిగా నిరూపించిన పని జరిగింది కూడా మద్రాసులోనే. సెయింట్ జార్జి కోట కాలేజీ తరఫున 1816లో ఎ. డి. కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి జతచేసిన నోట్‌లో మద్రాసు కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, తమిళం, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఇవి ఒక కుటుంబమనీ ఆ మూలం సంస్కృతం కాదనీ చూపించాడు. నుంగంబాక్కంలోని కాలేజ్ రోడ్డుకు ఆ పేరు వచ్చింది ఈ కాలేజీ వల్లే. చిత్రమేమిటంటే ఆ వ్యాకరణం అట్ట మీద తెలుగు అన్న పేరు పక్కనే "సామాన్యంగా జెంటూ అనబడేది" అని కూడా రాసి ఉంటుంది. తెలుగు అంటే ఏమిటో కొనేవాళ్ళకు తెలియదేమోనని అలా రాసి ఉంటారు. 1852లో మద్రాసులో వచ్చిన సి. పి. బ్రౌన్ నిఘంటువుకు ఆ వివరణ అక్కర్లేకపోయింది. పేరు తెలుగు, అంతే. ఒక తరం లోపలే జెంటూ వెనకబడింది. ఇప్పుడు ఆ మాట ఎక్కువగా దక్షిణ సముద్రాల్లోని ఒక రకం పెంగ్విన్‌కూ, ఆ పెంగ్విన్ పేరు పెట్టుకున్న ఒక రకం లినక్స్ కంప్యూటర్ వ్యవస్థకూ వినిపిస్తోంది.

ఆ మాట పోయినా దాని వెనకున్న బైబిల్ అర్థం తెలుగులో ఉంది. బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ 1728లో మద్రాసులోనే కూర్చుని లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిల్‌ను తెలుగులోకి తేవడానికి కూడా పూనుకున్నాడు. ఇప్పుడు చెన్నైలోని తెలుగు చర్చిల్లో చదివే బైబిల్లో, జెరోమ్ గెంటెస్ అన్నచోట, ఇంగ్లీషులో జెంటైల్స్ ఉన్నచోట, 'అన్యజనులు' అని ఉంటుంది. గెన్‌కు సోదరుడైన జన్ అందులోనూ ఉన్నాడు. లాటిన్‌లో బయటివాళ్ళని చెప్పడానికి ఒట్టి బహువచనం సరిపోయింది. తెలుగులో జనులు అంటే అందులో మనమూ ఉంటాం కాబట్టి, ముందు అన్య అని చేర్చక తప్పలేదు.